కాకినాడ గడియారంతో తవాంగ్ దాకా

ముప్పై మూడేళ్ళ పాటు ప్రభుత్వ పాఠశాలల్లో సాంఘిక శాస్త్రం చెప్పాను. ఏటా ఒక రోజు నల్లబల్ల మీద భారతదేశ పటం గీసి, దాని నడిమధ్య నిలువుగా ఒక గీత లాగి, అది 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమనీ, అలహాబాదు పక్కగా దిగివచ్చి మన కాకినాడ దగ్గర సముద్రంలో కలుస్తుందనీ, దేశంలో ఏ మూల ఉన్నవాడైనా ఆ గీతను బట్టే తన గడియారం దిద్దుకోవాలనీ చెప్పేవాణ్ణి. "మన కాకినాడేనా సార్!" అని పిల్లలు మురిసిపోయేవారు. అదే పటంలో ఈశాన్య మూలన ఇంకొక గీతను వంకరలు తిప్పుతూ గీసి, 1914లో సిమ్లా సమావేశంలో మనకూ టిబెట్‌కూ మధ్య సరిహద్దుగా పుట్టిన మెక్‌మహన్ రేఖ ఇదేనని చెప్పి, చేతికంటిన సుద్దపొడి దులుపుకుని ఇంటికి వచ్చేసేవాణ్ణి. ఆ రెండో గీతను కళ్ళారా చూడటానికి వెళ్ళి మొదటి గీత చేతిలో దెబ్బతింటానని అప్పుడు ఊహించలేదు.

పదవీ విరమణ అయ్యాక పింఛను కాగితాల పని ఒక కొలిక్కి వచ్చేసరికి కిందటి ఏడు దసరా వెళ్ళిపోయింది. సీతమ్మధారలో మా ఇంటి మెట్ల కింద ఎ.పి. 31 నంబరుతో ఒక పాత 150 సిసి బండి ఉంది. దాని మీద అరకు, పాడేరు, లంబసింగి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్క లేదు. దాని మీదనే అరుణాచల్ ప్రదేశ్‌లో ఆ సరిహద్దు దగ్గరున్న తవాంగ్ వెళ్ళి వస్తానంటే హైదరాబాదులో ఉన్న మా అమ్మాయి ఫోనులో కాసేపు మాట్లాడలేదు. తరువాత గువాహటికి విమానం టిక్కెట్టు తానే కొంటానంది. మా ఆవిడ మాత్రం కాదనలేదు. ఒక్క మాట అడిగింది: చీకటి పడేలోగా ఎక్కడో ఒక చోట ఆగిపోవాలి, సాయంత్రం ఆరింటికి తప్పకుండా ఫోను చెయ్యాలి. కార్తీక మాసంలో విశాఖలో ఆరింటికే వీధి దీపాలు వెలుగుతాయి కనుక అవి రెండు మాటలు కావు, ఒక్కటేనని నేను అర్థం చేసుకున్నాను. నా తప్పు అక్కడే మొదలైంది.

నవంబరు దాకా ఆగటానికి కారణముంది. అక్టోబరులో మా తీరాన్ని నమ్మలేము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్ళాక విశాఖలో ఎవరూ ఆ నెలలో దూర ప్రయాణాలు తేలిగ్గా పెట్టుకోరు. అక్కడ కొండల్లో వానలకు చరియలు విరిగిపడటం అప్పటికి తగ్గుతుంది, దారులు మూసేసేంత మంచు ఇంకా మొదలవదు. ఆ రెండింటి మధ్య దొరికే సందు నవంబరు మొదటి మూడు వారాలు.

దొండపర్తిలో నా బండిని మొదటినుంచీ చూస్తున్న మేస్త్రి సంగతి విని ముందు నవ్వాడు. "ఏటి మాస్టారూ, దీని మీదా?" అని, తరువాత నవ్వటం మానేసి చైను సెట్టు, బ్రేకు షూలు, క్లచ్ వైరు మార్చాడు, పాత క్లచ్ వైరు కూడా పారెయ్యకుండా చుట్టచుట్టి సంచీలో పెట్టాడు. రెండు ట్యూబులు, టైరు లివర్లు, చేతి పంపు ఇచ్చి, వెనక చక్రం నా చేత ఒకసారి విప్పించి మళ్ళీ బిగింపించాడు. కార్బొరేటరు దగ్గర గాలి స్క్రూ చూపించి, "పైకెక్కితే గాలి పలచబడతది. పెట్రోలు మాత్రం అంతే పడతది. అప్పుడు బండి దగ్గుతది. దీన్ని పావు చుట్టు వదులు చెయ్యండి. కిందికి దిగేక మళ్ళా యథాస్థానం" అన్నాడు. ఎత్తుకు పోయేకొద్దీ వాతావరణ పీడనం తగ్గుతుందని నేను ముప్పై మూడేళ్ళు చెప్పిన పాఠాన్ని ఆయన ఒక స్క్రూడ్రైవరుతో చెప్పేశాడు.

బయలుదేరిన రోజు తెల్లవారుజామున ఐదున్నరకు ఆనందపురం దాటాను. పదహారో నంబరు జాతీయ రహదారి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. శ్రీకాకుళంలో నాగావళి, నరసన్నపేటకు ముందు వంశధార, పలాసలో జీడిపప్పు దుకాణాలు, ఇచ్ఛాపురంలో మన రాష్ట్రం ముగింపు. తెలుగు మాత్రం అక్కడ ముగియదు, బరంపురం దాకా టీ కొట్లలో వినబడుతూనే ఉంటుంది. రంభ దాటాక చిలికా సరస్సు కనబడ్డప్పుడు అరగంట ఆగాను. ఆ రోజు 440 కిలోమీటర్లు నడిపి భువనేశ్వర్‌లో ఆగి, ఆరింటికి ఫోను చేశాను. మర్నాడు ఖరగ్‌పూర్‌లో, తరతరాలుగా రైల్వే పనుల్లో స్థిరపడిన తెలుగువాళ్ళున్న ఊరు కనుక, ఇడ్లీ కోసం వెదికి తిన్నాను. కలకత్తా రద్దీలోకి పోకుండా అక్కడినుంచే ఉత్తరానికి మళ్ళి విష్ణుపూర్, దుర్గాపూర్, సూరి, మోర్‌గ్రామ్ మీదుగా ఫరక్కా చేరటం మంచిదని నా సలహా. విష్ణుపూర్‌లో మల్ల రాజులు కట్టించిన మట్టి ఇటుకల గుళ్ళు చూడకుండా ఎవరూ ముందుకు పోవద్దు. ఫరక్కా దగ్గర రెండు కిలోమీటర్లకు పైగా పొడవున్న ఆనకట్ట మీద లారీల వెనక ఇరుక్కుని, గంగను చూడటానికి బదులు ముందున్న లారీ నంబరు ప్లేటును చూస్తూ దాటాను.

బెంగాల్‌లో ఒక సంగతి జ్ఞాపకం వచ్చింది. 1906లో దేశమంతటికీ ఒకే కాలం నిర్ణయించినా, కలకత్తా నగరం మాత్రం 1948 దాకా తన సొంత కాలాన్నే పాటించింది. అది మన గడియారం కన్నా 23 నిమిషాలకు పైగా ముందుండేది. ఇది నేను క్లాసులో వింతగా, కాస్త వెటకారంగా చెప్పేవాణ్ణి. మాల్దాలో ఐదింటికే చీకటి పడుతుంటే, వెటకారం చెయ్యాల్సింది వాళ్ళను కాదేమోనని మొదటిసారి అనిపించింది. అనిపించింది కానీ, బుర్రకెక్కలేదు.

సిలిగురి దగ్గర మన దేశం సన్నని మెడలాగా అయిపోతుంది. అతి ఇరుకైన చోట ఇరవై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఒక పక్క నేపాల్, ఒక పక్క బంగ్లాదేశ్, కాస్త దూరంలో భూటాన్. సేవోక్ దగ్గర తీస్తా మీద 1941లో పూర్తయిన కమాను వంతెన దాటి, డుయార్స్ తేయాకు తోటల మధ్య నుంచి హాసిమారా చేరి, అక్కడినుంచి పక్కకు మళ్ళి భూటాన్ ద్వారం చూద్దామని జైగావ్ వెళ్ళాను. టీ తాగుతూ ఫోను చూసుకుంటే అరగంట ముందుకు దూకింది. అవతలి దేశపు టవరు అందుకుని భూటాన్ కాలం చూపిస్తోంది. మా మామగారు పెళ్ళిలో పెట్టిన హెచ్.ఎం.టి. వాచీ మాత్రం కాకినాడ కాలాన్ని వదలకుండా టిక్కుటిక్కుమంటోంది. నేను వాచీనే నమ్మాను, ఫోనును తప్పుబట్టాను.

శ్రీరాంపూర్ దగ్గర అస్సాంలోకి ప్రవేశించాను. 2018లో జాతీయ భౌతిక ప్రయోగశాల శాస్త్రవేత్తలు దేశానికి రెండు కాలాలు పెట్టాలని ప్రతిపాదించినప్పుడు సరిగ్గా ఈ బెంగాల్-అస్సాం సరిహద్దు దగ్గరే ఆ గీత గీయవచ్చన్నారు. అది అమలు కాలేదు. రైళ్ళ రాకపోకల్లో పొరపాట్లు జరుగుతాయన్న భయం చిన్నదేమీ కాదు కనుక ఆ ప్రతిపాదనకు నేనూ వ్యతిరేకినే. కానీ అస్సాంలో తేయాకు తోటలవాళ్ళు ఎవరి నిర్ణయం కోసమూ ఆగలేదు. బ్రిటిషువాళ్ళ రోజులనుంచీ వాళ్ళకు తమదైన 'బాగాన్ టైము' ఉంది. మన గడియారం కన్నా గంట ముందు. తోటలో కూలీలు తొమ్మిదనుకుని పనిలోకి దిగే వేళకు రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డవాడికి ఎనిమిది. మంగల్‌దోయి దాటాక ఒక దాబాలో, తోటలో గుమాస్తాగా చేస్తున్న పెద్దమనిషి ఈ మాట చెప్పి, "మీ గడియారం సముద్రానికి బాగుంటుంది, ఇక్కడ ఆకుకు పనికిరాదు" అన్నాడు. నేను చిన్న పుస్తకం తీసి ఆ మాట రాసుకున్నాను. రాసుకోవడం వేరు, వాచీ తిప్పుకోవడం వేరు.

బ్రహ్మపుత్రను దాటకుండా ఉత్తరపు ఒడ్డునే నడిచి ఆరో రోజు సాయంత్రం తేజ్‌పూర్ చేరాను. అరుణాచల్‌లోకి వెళ్ళటానికి ఇన్నర్ లైన్ పర్మిట్ కావాలి. 1873 నాటి బెంగాల్ ఈస్టర్న్ ఫ్రాంటియర్ రెగ్యులేషన్ అనే చట్టం ఇంకా బతికి ఉండి మన చేత ఈ కాగితం తీయిస్తోంది. విశాఖలో ఉండగానే ఆన్‌లైన్‌లో తీసుకున్నాను కనుక ఆ బెంగ లేదు. మర్నాడు ఐదున్నరకు మెలకువ వచ్చేసరికే వెలుగు కిటికీలోకి వచ్చేసింది. ఇంట్లో ఉన్నట్టే నింపాదిగా స్నానం చేసి, పూరీలు తిని, రెండో టీ కూడా తాగి, ఎనిమిదింటికి బండి తీశాను. విశాఖ లెక్కన పెందలాడే బయలుదేరినట్టు. సూర్యుడి లెక్కన అప్పటికే తొమ్మిది కావస్తోంది.

భాలుక్‌పోంగ్ చెక్‌పోస్టు దగ్గర పోలీసు నా పర్మిటు చూడకముందే నంబరు ప్లేటు చూసి నవ్వాడు. "ఎ.పి. అంటే మీరు మా రాష్ట్రమేనన్నమాట" అన్నాడు. వాళ్ళ బండ్ల మీద ఎ.ఆర్. అని ఉంటుంది, ఎ.పి. మనకే దక్కింది. ఈ వేళాకోళం ఆ తరువాత కనీసం ఐదారు చోట్ల విన్నాను, ప్రతిచోటా మొదటిసారి వింటున్నట్టే నవ్వాను. అక్కడినుంచి కామెంగ్ నది పక్కన రోడ్డు పైకెక్కటం మొదలుపెడుతుంది. రోడ్డు పనులు జరుగుతున్నచోట్ల మట్టి తీసేదాకా బండ్లను ఆపేస్తారు. రెండు చోట్ల కలిపి గంటన్నర పోయింది. టెంగా లోయ దాటి బొమ్‌డిలా చేరేసరికి మూడు గంటలు. అంతకుముందు నేను వేసుకున్న పథకం ప్రకారం ఆ రాత్రి దిరాంగ్‌లో ఉండాలి. ఏడు వేల అడుగులు దాటిన బొమ్‌డిలాకన్నా బాగా కిందున్న దిరాంగ్‌లో నిద్రపోతే ఒంటికి మంచిదని మా డాక్టరు గారి సలహా. ఇక 42 కిలోమీటర్లు. నాలుగున్నరకు చేరిపోతాను, ఆరింటికి ఇంకా గంటన్నర టైముందని లెక్క కట్టి, ఆగాల్సిన ఊళ్ళో ఆగకుండా ముందుకు సాగాను.

మూడూ నలభైకి వెనక చక్రం కూర్చుంది. మేకు కాదు, రోడ్డు పనుల్లో విరిగిన ఇనుప ముక్క. మనిషి లేని మలుపు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. సంచులు దింపి, బండి సెంటరు స్టాండు వేసి, దాని కింద పలకరాయి పెట్టి, మేస్త్రి నేర్పినట్టే చక్రం విప్పాను. ట్యూబు మార్చి, టైరు లోపలికి తోస్తున్నప్పుడు తొందరలో లివరు కొత్త ట్యూబును నొక్కేసింది. పంపు కొడుతుంటే గాలి ఎంతకీ నిలవదు. చెవి పెట్టి వింటే సన్నగా ఈలలా శబ్దం. మళ్ళీ విప్పి, రెండో ట్యూబు వేసి, ఈసారి లివరు వాడకుండా మడమతో తొక్కి ఎక్కించాను. చైను సరిచేసి నట్టు బిగించి తలెత్తేసరికి నాలుగూ ముప్పై ఐదు. పైనున్న శిఖరాల మీద ఎర్రగా కాస్త వెలుగుంది. నేనున్న లోయలో మాత్రం చీకటి. విశాఖలో ఆ వేళకు బీచ్ రోడ్డు మీద ఎండకు కళ్ళు చిట్లించుకుంటూ జనం నడుస్తూ ఉంటారు.

క్లాసులో ఈ లెక్క నేను ఎన్నిసార్లు వేశానో! ఒక డిగ్రీ రేఖాంశానికి నాలుగు నిమిషాలు. విశాఖ 83 డిగ్రీలు దాటి కాస్త, తవాంగ్ 92కు కాస్త తక్కువ. దాదాపు 35 నిమిషాల తేడా అక్కడే వచ్చింది. పైగా విశాఖ 18 డిగ్రీల అక్షాంశానికి దగ్గర, తవాంగ్ 27 దాటిన చోట. చలికాలంలో ఉత్తరానికి పోయేకొద్దీ పగలు కుదించుకుపోతుంది కనుక ఇంకో పావుగంట పోయింది. నవంబరు నడుమ విశాఖలో ఐదూ ఇరవైకి అస్తమించే సూర్యుడు ఇక్కడ నాలుగున్నరకే వెళ్ళిపోతాడు, కొండ అడ్డుంటే ఇంకా ముందే. ఏడో తరగతి పిల్లవాడు వేలి కణుపుల మీద చెప్పగల లెక్క. అది తెలిసి కూడా దారిలో కూలబడ్డవాణ్ణి ఏమనాలో ఆ పిల్లవాణ్ణే అడగాలి.

పాత బండి దీపం వెలుగు చంద్రుడి దయ ఉన్నప్పుడే సరిపోతుంది. ఆ రాత్రి లోయలోకి చంద్రుడు కూడా రాలేదు. రెండో గేరులో, పక్కనున్న తెల్ల గీతను పట్టుకుని, ఎదురుగా సైన్యం లారీలు వచ్చినప్పుడల్లా పూర్తిగా ఆగిపోతూ, చేతివేళ్ళు కొంకర్లు పోతుంటే ఇంజను మీద పెట్టి వెచ్చబెట్టుకుంటూ ఎనిమిది కిలోమీటర్లు నడిపాను. రోడ్డు పక్కన ఒక రేకుల కొట్టులో దీపం కనిపిస్తే ఇంక ముందుకు పోలేదు. ఆ కొట్టు నడిపే, అక్కడి మోన్పా తెగకు చెందిన ఆవిడకు నాకన్నా ఓ పదేళ్ళు తక్కువుంటాయేమో. చిన్నప్పుడు మధ్యమ పరీక్ష పాసైన నా హిందీతో, ఇంకా ఐదు గంటలే కదా, దిరాంగ్ వెళ్ళిపోగలనా అని అడిగాను. "ఇక్కడ ఐదంటే రాత్రి" అని ఒక్క మాట అని, వెనక గదిలోని ఇనుప కట్టెల పొయ్యి ముందు స్టూలు వేసింది. ఉప్పూ వెన్నా వేసి చిలికిన టీ ఇచ్చింది. అది టీ అనుకుంటే తాగలేం. చారు అనుకుంటే బాగుంటుంది. తరువాత వేడివేడిగా తుక్పా, అంటే నూడుల్సు సూపు. పొద్దున్న లెక్కగా 700 రూపాయలు తీసుకుంది, చిల్లర కూడా సరిగ్గా ఇచ్చింది. ఊరికే ఇచ్చి ఉంటే మర్నాడు సగం దారంతా ఆ బరువు నా మీదుండేది.

ఆ చోట ఫోను సిగ్నలు లేదు. ఆరు గంటలైంది, ఏడైంది. నిద్ర పట్టలేదు.

ఉదయం దిరాంగ్‌లో సిగ్నలు రాగానే ఇంటికి ఫోను చేస్తే మొదటి రింగుకే మా ఆవిడ ఎత్తింది. తొమ్మిదిన్నర దాకా చేస్తూనే ఉందట. ఆలస్యానికి కారణం మొదలుపెట్టి రేఖాంశాల దగ్గరికి వచ్చేసరికి మధ్యలో ఆపేసింది. "ఏమండీ, ఆరింటికి ఫోను చెయ్యమన్నాను. చీకటి పడేలోగా ఆగమన్నాను. రెండూ ఒకటని ఎవరన్నారు?" అంది. నిజమే, తాను అనలేదు. నేనే అనుకున్నాను. ఆమె గొంతులో కోపం కన్నా నిద్రలేమి ఎక్కువ వినిపించింది. ఆ రోజంతా దిరాంగ్‌లోనే ఉండిపోయి, పాడైన ట్యూబుకు అతుకు వేయించి, మధ్యాహ్నం బజారులో కూర్చుని మామగారి వాచీ కీ లాగి పెద్ద ముల్లును ఒక చుట్టు ముందుకు తిప్పాను. ఫోను కాకినాడది, వాచీ తోటవాళ్ళది. ఇక నుంచి ఆగేది వాచీని బట్టి, ఇంటికి పలికేది ఫోనును బట్టి.

మర్నాడు వాచీలో ఆరున్నరకు బయలుదేరాను. సేలా కనుమ కింద సొరంగాలు 2024 మార్చిలో ప్రారంభమయ్యాయి, వాటిలోంచి పోతే 13,700 అడుగుల కనుమ ఎక్కనక్కర్లేదు. కానీ పొద్దు చేతిలో ఉంది కనుక పాత దారి పట్టాను. పన్నెండు వేల అడుగులు దాటాక బండి మేస్త్రి చెప్పినట్టే దగ్గటం మొదలుపెట్టింది. ఆపి గాలి స్క్రూ పావు చుట్టు వదులు చేశాను; దగ్గు తగ్గింది, బలం మాత్రం రాలేదు. కనుమ మీద వాయుపీడనం సముద్ర తీరంలో ఉన్నదానిలో మూడింట రెండు వంతులు కూడా ఉండదు. ఆఖరి రెండు మలుపులు మొదటి గేరులో, కాళ్ళతో నేలను తన్నుకుంటూ ఎక్కాను. పైన రంగురంగుల ద్వారం, దాని అవతల సరస్సు, అంచుల్లో పలచటి మంచు పలక. పది నిమిషాలకన్నా ఎక్కువ ఉండలేదు. తల దిమ్ముగా ఉంది, అక్కడ వీరత్వం చూపించవలసిన అవసరం అరవై రెండేళ్ళవాడికి లేదు.

అవతల దిగితే జస్వంత్‌గఢ్. 1962 నవంబరు 17న నూరానాంగ్ దగ్గర జరిగిన పోరులో మరణించిన గఢ్వాల్ రైఫిల్స్ సిపాయి జస్వంత్ సింగ్ రావత్ స్మారకం అది. మహావీర చక్ర పొందిన ఆ మనిషి ఇంకా కాపలాలో ఉన్నట్టే సైనికులు ఆయన పక్క వేస్తారు, బూట్లకు పాలిష్ పెడతారు. వచ్చేపోయేవాళ్ళకు టీ కూడా వాళ్ళే ఇస్తారు. గ్లాసు అందుకుంటుంటే ఒక జవాను నా బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "ఏటండీ, వైజాగ్ బండా? దీనిమీదే వచ్చీసేరా?" అన్నాడు. టెక్కలి దగ్గర పల్లె అట. ఎనిమిది రోజుల తరువాత ఎదుటి మనిషి నోట మన యాస విని నాకు వెంటనే మాట పెగల్లేదు. అతను మాత్రం చాలా పనిమంతుడిలా, "బుర్ర నొప్పెడతందా మాస్టారూ? నీళ్ళు ఎక్కువ తాగండి, పరిగెట్టొద్దు" అని చెప్పి, ఊళ్ళో వరి కోతలు మొదలయ్యాయా, దారిలో చూశారా అని అడిగాడు. నరసన్నపేట దాటాక చేలు పసుపు తిరిగాయనీ, కోతలు ఇంకా మొదలవలేదనీ చెప్పాను. తల ఊపాడు. ఆ కబురు కోసమే నన్ను పలకరించినట్టు అనిపించింది.

తవాంగ్‌కు వాచీలో మూడింటికి, అంటే ఇంకా బాగా వెలుగుండగా చేరాను. దాదాపు పది వేల అడుగుల ఎత్తు. ఊరికి ఆ పేరు గుర్రం వల్ల వచ్చిందంటారు: 'తా' అంటే గుర్రం, 'వాంగ్' అంటే ఎంచుకున్నది. 1680 ప్రాంతంలో మెరాగ్ లామా అనే భిక్షువు ఆరామం కట్టటానికి చోటు వెదుకుతూ ధ్యానంలో ఉండగా ఆయన గుర్రం తప్పిపోయి ఈ కొండ మీద కనిపించిందట. ఆ ఆరామంలో తెల్లవారుజాము ప్రార్థనకు వెళ్ళి వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాను. పదేళ్ళు కూడా నిండని చిన్న భిక్షువులు వరసల్లో కూర్చుని చదువుతున్నారు. ఒకడు కునికిపాట్లు పడుతుంటే పక్కవాడు మోచేత్తో పొడిచాడు. ముప్పై మూడేళ్ళ ఉద్యోగంలో రోజూ చూసిన దృశ్యమే.

ఈ ఊరి చరిత్రలో మా పాఠ్యపుస్తకాలు వదిలేసిన ఒక మనిషి ఉన్నాడు. స్వాతంత్ర్యం వచ్చిన మూడేళ్ళకు కూడా తవాంగ్‌లో భారత పాలన లేదు. 1951 ఫిబ్రవరిలో మేజర్ బాబ్ ఖాతింగ్ అనే మణిపూర్ అధికారి అస్సాం రైఫిల్స్ దళంతో కాలినడకన సేలా దాటి వచ్చి ఇక్కడ జెండా ఎగరేశాడు. ఎనిమిదేళ్ళ తరువాత, 1959లో, దలైలామా లాసా వదిలి ఇటే వచ్చి, బొమ్‌డిలా మీదుగా తేజ్‌పూర్ వెళ్ళారు. అంటే నేను వచ్చిన దారికి సరిగ్గా ఎదురు దారిలో. యుద్ధ స్మారకంలో 1962లో ఈ ప్రాంతంలో చనిపోయిన 2,420 మంది పేర్లు చెక్కారు. మెక్‌మహన్ రేఖ గీసి సుద్దపొడి దులుపుకున్న చేతులు ఆ పేర్ల ముందు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

బూమ్ లా కనుమకు వేరే అనుమతి కావాలి. 37 కిలోమీటర్లు, 15,200 అడుగులు, రోడ్డు మీద మంచు. నా బండిని హోటలు దగ్గరే ఉంచి, ఒక బెంగాలీ కుటుంబంతో కలిసి సుమోలో వెళ్ళాను. సొంత బండి మీద వెళ్ళకపోతే యాత్ర పూర్తయినట్టు కాదనేవాళ్ళున్నారు. వాళ్ళ వయసు, వాళ్ళ ఊపిరితిత్తులు వాళ్ళవి. దారిలో 1962 అక్టోబరు 23న అక్కడ పోరాడి పరమవీర చక్ర పొందిన సుబేదార్ జోగిందర్ సింగ్ స్మారకం దగ్గర ఆగాం. పైన సైనికులు మమ్మల్ని గుంపుగా నిలబెట్టి ఎక్కడిదాకా నడవవచ్చో చెప్పారు. గీతంటూ ఏమీ లేదక్కడ. ఒక రాళ్ళ కుప్ప, దాని అవతల ఇవతలి కొండల్లాంటివే గోధుమ రంగు కొండలు.

ఫోను చూశాను, పది గంటలు. వాచీలో పదకొండు. చైనా దేశమంతటికీ బీజింగు కాలమే కనుక ఆ రాళ్ళకు అవతల నిలబడ్డ సైనికుడి గడియారంలో అప్పుడు పన్నెండున్నర. మనకు సూర్యుడు మనం అనుకున్నదానికన్నా ముందే వెళ్ళిపోతాడు. అవతలివాళ్ళకు మధ్యాహ్నం ఒకటిన్నర దాటితే గానీ నడినెత్తికి రాడు. మన కాలం కాకినాడ తీరాన్ని పట్టుకుని ఉంటే వాళ్ళది ఇంకా దూరాన, తూర్పు చైనాను పట్టుకుని ఉంది. నా నీడ చూసుకున్నాను. ఆ కార్తీక మాసపు పొద్దు లెక్కన సమయం పదకొండుకు కొన్ని నిమిషాలు తక్కువ. మూడు గడియారాల్లో సూర్యుడికి దగ్గరగా ఉన్నది తేయాకు తోటలవాళ్ళదే. బెంగాలీ పెద్దాయన ఫోటో తీయమంటే తీసి, టైమెంతయిందని ఆయన అడిగితే ఒక క్షణం ఆలోచించి పది అని చెప్పాను.

తిరుగు ప్రయాణంలో సేలా సొరంగంలోంచే వచ్చాను. బొమ్‌డిలాకు వాచీలో రెండున్నరకే చేరినా అక్కడే ఆగిపోయాను. గాలి స్క్రూ భాలుక్‌పోంగ్ దగ్గర యథాస్థానానికి బిగించాను. వాచీని మాత్రం శ్రీరాంపూర్‌లో మార్చలేదు, మాల్దాలో మార్చలేదు. ప్రతి రోజూ చీకటికి గంట ముందే ఏదో ఒక లాడ్జి ముందు బండి దింపి, మిగిలిన సాయంత్రమంతా ఏం చెయ్యాలో తోచక ఆ ఊరి బజారు తిరిగాను.

పదిహేడో రోజు మధ్యాహ్నం ఇచ్ఛాపురం దాటి, టెక్కలి అవతల రోడ్డు పక్కన టీ కోసం ఆగాను. కోతలు మొదలయ్యాయి. పనలు వేసిన చేలను నాలుగైదు ఫోటోలు తీసి జస్వంత్‌గఢ్ జవానుకు పంపించాను. కొట్టులో గోడ గడియారం నాలుగు చూపిస్తోంది, నా చేతి వాచీ ఐదంటోంది, బయట ఎండ ఇంకా కాస్తోంది. కీ లాగి ముల్లు ఒక చుట్టు వెనక్కి తిప్పుతుంటే కొట్టతను చూసి, "బ్యాటరీ అయిపోనాదా బాబూ?" అన్నాడు. కీ ఇచ్చే వాచీ అని చెప్పి, టీ డబ్బులిచ్చి, బండి తీశాను.